బిగబట్టిన బాల్యం

*ఇన్‌ఫెక్షన్ తగ్గింది. జ్వరం పోయింది. మందుల కోర్సు కూడా అయిపోయింది. అయినా పిల్ల ఒంటికి వెళ్లనంటుంది, రెండుకి కూర్చోనంటుంది, ఆడుకుంటూ ఆడుకుంటూ బట్టలు తడిపేస్తుంది. అది మొండితనం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. బడులు తెరిచే ఈ రోజుల్లో ప్రతి తల్లీ తండ్రీ, ప్రతి టీచరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.*

సాయంత్రం నాలుగున్నర. బడి బస్సు దిగిన యూకేజీ పిల్ల షూ విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయింది. రెండు కాళ్లూ మెలేసుకుంది. అలా కాసేపు నిలబడి, ఉన్నట్టుండి చతికిలబడింది. కుడి మడమను ఒంటికిందికి లాక్కుని దాని మీద బరువంతా వేసి కూర్చుంది. కళ్లు ఎటో చూస్తున్నాయి. పెదవి పళ్ల మధ్య నలుగుతోంది.

"అక్కడే కూలబడ్డావేమే? లోపలికి రా, పాలు కలిపాను" అంది నానమ్మ.

పిల్ల కదల్లేదు. నిమిషం తర్వాత లేచింది. గచ్చు మీద చిన్న మడుగు.

"ఇంత పిల్లవి, ఇంకా బట్టల్లో పోసుకుంటావా? రేపు మీ టీచరుతో చెప్తానుండు!"

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గోడకు అతుక్కుని, ఏదో నేరం చేసినట్టు తల వంచుకుంది. వాళ్లమ్మ బ్యాగులోంచి నీళ్ల సీసా తీసింది. పొద్దున్న నింపి పంపిన సీసా. మూత తీసిన జాడే లేదు.

ఆ నానమ్మ మా అక్క. ఆ సాయంత్రం నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఈ కథనం ఆ గుమ్మం దగ్గరే మొదలైంది.

'వేడి చేసింది'తో మొదలు

దీనికి మూడు నెలల ముందు ఆ పిల్ల ఒంటికి వెళ్లినప్పుడల్లా మంటని ఏడ్చింది. మన ఇళ్లలో అలాంటప్పుడు వచ్చే మొదటి మాట ఒకటే: "వేడి చేసింది." బార్లీ నీళ్లు కాచారు, సబ్జా గింజలు నానబెట్టారు, కొబ్బరిబోండాం తెచ్చారు. వాటితో హాని లేదు. నాలుగు రోజులు వృథాగా గడిచిపోవడమే హాని. అయిదో రోజు చలితో జ్వరం ఎగబాకింది. మూత్రం కల్చర్ చేయిస్తే ఈ.కొలి అనే బ్యాక్టీరియా అని తేలింది. పిల్లల మూత్ర ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం అదే. మన పేగుల్లో ఉండాల్సిన క్రిమి దారి తప్పి మూత్రాశయంలోకి చేరుతుంది. ఆడపిల్లల్లో మూత్రం బయటికొచ్చే దారి పొట్టిది కాబట్టి దానికి ప్రయాణం సులువు.

యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేశారు. పరీక్ష శుభ్రంగా వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా! గుమ్మంలో మడుగు ఆ తర్వాతే మొదలైంది. ఇంకో నెలకు జ్వరం మళ్లీ వచ్చింది.

ఈసారి పిల్లల కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఫైలు పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్నకు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పాప రెండుకి రోజూ వెళ్తుందా అమ్మా?"

"వెళ్తుందండీ... వెళ్తుందనే అనుకుంటున్నా."

"మెత్తగానా, గట్టిగానా? ఎంతసేపు కూర్చుంటుంది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. డాక్టరు పిల్లను పడుకోబెట్టి, పొట్టలో ఎడమవైపు కింద నెమ్మదిగా నొక్కారు. తల్లి వేళ్లను కూడా అక్కడే పెట్టించారు. పల్చటి చర్మం కింద వరసగా గట్టి ఉండలు తగిలాయి. రోజుల తరబడి కదలని మలం. "మూత్రం జబ్బని వచ్చారు కదా, అసలు చిక్కు ఇక్కడుంది" అన్నారాయన.

ఒకే గదిలో ఇద్దరు

పొత్తికడుపులో మూత్రాశయం ముందు, పురీషనాళం దాని వెనక ఉంటాయి. చోటు ఇరుకు. మలం పేరుకుపోయి వెనకది ఉబ్బితే ముందున్న మూత్రాశయం నలిగిపోతుంది. నలిగిన సంచిలో ఎక్కువ మూత్రం పట్టదు, అందుకే హఠాత్తుగా 'వచ్చేస్తోంది' అనిపిస్తుంది. పూర్తిగా ఖాళీ కూడా అవదు, అందుకే అడుగున కొంత మిగులుతుంది. ఆ నిల్వ మూత్రంలో క్రిమి పెరుగుతుంది.

ఇద్దరికీ కాపలా కాసే కండరాలు కూడా దాదాపు ఒకటే. రెండిటినీ బిగించేది అవే, వదిలేదీ అవే. పిల్ల మూత్రం బిగబడితే మలం కూడా ఆగుతుంది, మలం బిగబడితే మూత్రం కూడా సరిగ్గా జారదు. ఈ జంట సమస్యను వైద్యులు 'బ్లాడర్ బవెల్ డిస్‌ఫంక్షన్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మూత్రాశయమూ పేగూ కలిసి లయ తప్పడం.

మంట పోయినా భయం పోదు

అయిదేళ్ల పిల్ల వైపు నుంచి చూద్దాం. ఒంటికి వెళ్తే మండింది. ఇంకోసారి వెళ్తే ఇంకా మండింది. ఆ చిన్న బుర్రకు అర్థమైంది ఒక్కటే: వెళ్లకపోతే మండదు. కాళ్లు మెలేసుకుంటే ఆగుతుందని, మడమ మీద కూర్చుంటే ఇంకాసేపు ఆగుతుందని ఒళ్లే నేర్పింది. నీళ్లు తాగకపోతే అసలు గొడవే లేదని అదే కనిపెట్టింది. నిండుగా తిరిగొచ్చిన సీసా వెనక ఉన్నది ఈ తెలివే.

పది రోజుల మందుకు క్రిమి చస్తుంది. మూడు వారాలు, మూడు నెలలు సాధన చేసిన కండరం మాత్రం బిగుసుకునే ఉంటుంది. వదలమని మనసు చెప్పినా వదలదు. ధార ఆగి ఆగి వస్తుంది, సగం లోపలే మిగులుతుంది, మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మళ్లీ మంట, మళ్లీ భయం. ఇక నీళ్లు తగ్గేసరికి మలం గట్టిపడుతుంది. ఒకసారి చీరుకుని నెత్తురు కనిపించిందా, రెండుకి కూర్చోవడమూ ఆగిపోతుంది.

కొందరు పిల్లల్లో ఇది మరో వేషం వేసుకొస్తుంది. గట్టి మలం లోపల అడ్డుపడి ఉండగా, పక్కనుంచి పల్చగా జారి చెడ్డీకి మరకలు అవుతాయి. తల్లులు విరేచనాలనుకుని అవి ఆగే మందు వేస్తారు. జబ్బుకు సరిగ్గా వ్యతిరేకమైన వైద్యం. సాగిపోయిన పురీషనాళానికి మలం వస్తున్న సంగతి సరిగ్గా తెలియదు. కాబట్టి "తెలిసి తెలిసి చేశావు" అని ఆ పిల్లలను అనడం పచ్చి అన్యాయం.

> లెక్క తెలిస్తే సగం తెలిసినట్టే
>
> • ఏడేళ్లు వచ్చేలోగా ఆడపిల్లల్లో సుమారు 8 శాతం మందికి, మగపిల్లల్లో 2 శాతం మందికి ఒక్కసారైనా మూత్ర ఇన్‌ఫెక్షన్ వస్తుంది.
>
> • మూత్రాశయంలో ఎంత పడుతుంది? నాలుగేళ్లు దాటిన పిల్లల వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చించండి. అయిదేళ్ల పిల్లకు 180 మిల్లీలీటర్లు. చిన్న గ్లాసుడు మజ్జిగంత.
>
> • అయిదేళ్లు దాటిన పిల్లలు రోజుకు 4 నుంచి 7 సార్లు ఒంటికి వెళ్లడం మామూలు. 3 సార్లు, అంతకన్నా తక్కువ అయితే బిగబడుతున్నారేమో గమనించాలి. 8 సార్లు, అంతకన్నా ఎక్కువ అయినా గమనించాలి.
>
> • మలం రూపాన్ని ఏడు రకాలుగా బొమ్మలు గీసి చూపే 'బ్రిస్టల్ చార్టు' ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో తయారైంది. మేకపెంటికల్లా విడివిడి ఉండలు వస్తే 1వ రకం, మలబద్ధకం. మెత్తగా అరటిపండులా జారితే 4వ రకం, అదే కావాల్సింది.

పాత సంగతే, మరిచిపోయాం

మల మూత్రాల వేగాన్ని ఆపకూడదన్నది మనకు కొత్త పాఠం కాదు. చరక సంహితలో ఆపకూడని సహజ వేగాల కోసం ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. పదమూడు వేగాలు చెప్పి, వాటిలో ముందు వరసలో మూత్రాన్నీ మలాన్నీ పెట్టారు.

మా అక్క మనవరాలు మడమ మీద కూర్చున్న తీరు కూడా వైద్యానికి పరిచితమే. 1966లో విన్సెంట్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీన్ని వర్ణించారు. రాణుల ముందు మోకాళ్లు వంచి చేసే వందనంలా ఉందని దానికి 'కర్ట్సీ' గుర్తు అని పేరొచ్చింది. ఎక్కడి పిల్లలైనా బిగబట్టే తీరు ఒకటే.

పేగును బాగుచేస్తే మూత్రాశయం బాగుపడుతుందనడానికి గట్టి రుజువు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి 1997లో వచ్చింది. మలబద్ధకంతో వచ్చిన 234 మంది పిల్లలను వైద్యురాలు వేరా లోనింగ్ బాకే పరిశీలించారు. వారిలో 29 శాతం మంది పగలు బట్టలు తడిపేవారు, 34 శాతం మంది రాత్రి పక్క తడిపేవారు, 11 శాతం మందికి మూత్ర ఇన్‌ఫెక్షన్లు ఉండేవి. మలబద్ధకం నయమైన పిల్లల్లో పగటి తడి 89 శాతం మందికి, రాత్రి తడి 63 శాతం మందికి పోయింది. మూత్రవ్యవస్థ నిర్మాణంలో లోపం లేని పిల్లలందరికీ ఇన్‌ఫెక్షన్లు ఆగిపోయాయి.

కిడ్నీ దాకా వెళ్తే

తడిసిన బట్టలు ఉతికితే శుభ్రమవుతాయి. కిడ్నీ మీద పడిన మచ్చ పోదు. భయపడాల్సింది దానికే.

జ్వరంతో మూత్ర ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి మూత్రం కిందికి పోవాల్సింది పోయి పైకి, కిడ్నీల వైపు ఎగదన్నే లోపం ఉంటుంది. దాన్ని 'రిఫ్లక్స్' అంటారు. చాలామందికి వయసుతో తగ్గుతుంది. కానీ దానికి బిగబట్టే అలవాటూ మలబద్ధకమూ తోడైతే కథ మారుతుంది. అమెరికాలో పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో, రిఫ్లక్సూ ఈ జంట సమస్యా కలిసి ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఇన్‌ఫెక్షన్ మళ్లీ వచ్చింది. ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకిన ప్రతిసారీ మచ్చ పడే అవకాశం ఉంటుంది. మచ్చలు ఎక్కువైతే పెద్దయ్యాక బీపీ, కిడ్నీ బలహీనత వెంటపడతాయి. నరాల జబ్బేమీ లేకుండా, కేవలం బిగబట్టడం ముదిరి కిడ్నీలు దెబ్బతిన్న పిల్లల గురించి అమెరికా వైద్యుడు ఫ్రాంక్ హిన్మన్ 1973లోనే రాశారు. అంత దూరం వెళ్లేవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందీ ఒకప్పుడు గుమ్మంలో కాళ్లు మెలేసుకుని నిలబడ్డవాళ్లే.

బడి గంట కొట్టేదాకా

మా అక్క మనవరాలిని డాక్టరు విడిగా కూర్చోబెట్టుకుని అడిగితే నాలుగు సంగతులు చెప్పింది. బడి బాత్రూంలో వాసన. తలుపు గడియ అందదు. యూనిఫాం బెల్టు తనకు విప్పుకోవడం రాదు. "ఇప్పుడే కదా బ్రేక్ అయింది" అని మిస్ అంటుంది.

ఈ నాలుగింటిలో ఒక్కటీ మందుల షాపులో దొరికే మందుతో నయం కాదు.

చట్టాలకు కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టం బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో అన్ని బడుల్లోనూ వాటిని కల్పించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు' పనుల్లో నీటి వసతితో మరుగుదొడ్లకు చోటిచ్చారు. తెలంగాణలో 2022లో 'మన ఊరు-మన బడి' వచ్చింది. పిల్లలు నీళ్లు తాగడం గుర్తు చేయడానికి కేరళలో 2019లో పేరొచ్చిన 'వాటర్ బెల్' మన దాకా కూడా చేరింది. మంచి ఆలోచన. కానీ తాగిన నీళ్లు బయటికి పోవడానికి కూడా ఒక గంట కొట్టాలి కదా! తాగమని గంట కొట్టి, వెళ్లడానికి వేలెత్తితే కూర్చోమంటే ఆ నీళ్లు పిల్లకు శిక్షే అవుతాయి.

గది కట్టడంతో పని అయిపోదు. కడిగే మనిషి కావాలి, కుళాయిలో నీళ్లు రావాలి, గడియ పిల్లల ఎత్తులో ఉండాలి. కార్పొరేట్ బడిలో ఏసీ గది ఉన్నా, చిటికెన వేలెత్తిన పిల్లను పంపే టీచరు లేకపోతే ఫలితం ఒకటే. నలభై మందిని చూసుకునే టీచరు కష్టం నాకు తెలుసు. ఒకరిని పంపితే పదిమంది లేస్తారు. అయినా ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లకు ఆ అయిదు నిమిషాలు మందు మోతాదుతో సమానం.

ఇంకో ఒత్తిడి ఇంట్లో పుడుతోంది. మూడేళ్లకే నర్సరీ. డైపర్ లేకుండా పంపాలనే హడావుడి. పిల్లకు సిద్ధపాటు రాకముందే తిట్టి, భయపెట్టి నేర్పిస్తే ముందుగా నేర్చేది బిగబట్టడమే. నర్సరీ సీటు కోసం పిల్ల ఒంటిని తొందరపెట్టకండి.

ముందు పేగు, తర్వాతే మిగతాది

వైద్యంలో వరస ముఖ్యం. లోపల పేరుకున్న మలాన్ని మొదట పూర్తిగా బయటికి పంపాలి. దీనికి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడిని నీళ్లలో కలిపి ఇస్తారు. అది పేగులోనే నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. మొదటి రోజుల్లో మోతాదు ఎక్కువ, ఆ తర్వాత తక్కువ మోతాదులో నెలల తరబడి. ఇక్కడే ఎక్కువమంది తల్లిదండ్రులు జారిపోతారు. "నాలుగు రోజులు బాగా వెళ్లింది కదా, ఇంకా ఎందుకు? అలవాటు పడిపోతుందేమో!" అని ఆపేస్తారు. ఆ మందుకు పేగు అలవాటు పడదు. సాగిన పురీషనాళం మళ్లీ మామూలు కొలతకు రావడానికి, 'నొప్పి లేదు' అని పిల్ల నమ్మడానికి నెలలు పడతాయి. మోతాదు, గడువు రెండూ డాక్టరే చెప్పాలి.

రెండోది గడియారం. ఒంటికి వచ్చినా రాకపోయినా రెండు, మూడు గంటలకోసారి వెళ్లడం. "వస్తోందా?" అని అడిగితే ఏ పిల్లయినా "లేదు" అంటుంది. అడగకండి. "రా, వెళ్లొద్దాం" అని చెయ్యి పట్టుకోండి. మూడోది ఒక నోటు పుస్తకం. ఎన్నిసార్లు వెళ్లింది, ఎంత తాగింది, ఎప్పుడు తడిసింది, మలం ఏ రకం. వారం రోజుల లెక్క డాక్టరుకు స్కానింగ్‌కన్నా ఎక్కువ చెప్పగలదు.

తిండి సంగతి మన వంటింట్లోనే ఉంది. జామపండు, బొప్పాయి, తోటకూర పప్పు, చిక్కుడు, రాగిజావ. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజంతా కలిపి లీటరు నుంచి లీటరున్నర దాకా నీళ్లు, మజ్జిగ లాంటివి అందాలి, అదీ రోజంతా సర్ది. అన్నం తినడం లేదని లీటరు పాలూ ప్యాకెట్టు బిస్కెట్లూ పెడితే ఆ పేగు కదలదు.

వీటితోనే చాలామంది కుదుటపడతారు. కుదరని కొద్దిమందికి మూత్రధార వేగం కొలిచే పరీక్ష, కంప్యూటర్ తెర మీద బొమ్మలు చూస్తూ కండరాన్ని వదలడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్, కొన్ని మందులు ఉన్నాయి.

> కూర్చునే తీరే సగం మందు
>
> • గొంతుక్కూర్చునే మన పాత పద్ధతి మలం జారడానికి అనువైనది. వెస్టర్న్ కమోడ్ అయితే పాదాల కింద పీట వేయండి. కాళ్లు గాల్లో వేలాడితే కండరాలు వదులు కావు.
>
> • చిన్నపిల్లలకు కమోడ్ మీద చిన్న సీటు అమర్చండి. పడిపోతామన్న భయంలో ఉన్న పిల్ల బిగబట్టుకునే కూర్చుంటుంది.
>
> • ఆడపిల్లలు లెగ్గింగ్ తొడల దాకే దించి కాళ్లు దగ్గరగా పెట్టి కూర్చుంటారు. పూర్తిగా కిందికి దించి, మోకాళ్లు ఎడంగా పెట్టించండి.
>
> • అన్నం తిన్న పావుగంట, అరగంట తర్వాత పేగు తనంతట తాను కదులుతుంది. ఆ వేళకు అయిదు, పది నిమిషాలు కూర్చోబెట్టండి. చేతికి ఫోన్ ఇవ్వొద్దు. పక్కన కూర్చుని కథ చెప్పండి.
>
> • కడగడం ముందు నుంచి వెనక్కి. మగపిల్లల్లో చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగొద్దు.

తిట్టు కన్నా మెచ్చుకోలు మేలు

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ ఈ పిల్లలను తిట్టేవాళ్లున్నారు. నలుగురిలో చెప్పి నవ్వేవాళ్లున్నారు. తడిసిన బట్టలు చేతికిచ్చి ఉతకమనేవాళ్లున్నారు. తిట్టు పడిన ప్రతిసారీ ఆ కండరం ఇంకొంచెం బిగుసుకుంటుంది. తడవనందుకు బహుమతి ఇవ్వడం కూడా సరికాదు, అది పిల్ల చేతిలో లేదు. వేళకు లేచి వెళ్లినందుకు, నీళ్లు తాగినందుకు, పీట మీద కాళ్లు పెట్టి కూర్చున్నందుకు మెచ్చుకోండి. అవి పిల్ల చేతిలో ఉన్నవి.

> ఆలస్యం చేయకూడని గుర్తులు
>
> • రెండేళ్లలోపు పిల్లల్లో కారణం తెలియని జ్వరం. మూత్ర పరీక్ష చేయించాలి.
>
> • జ్వరంతో పాటు వాంతులు, నడుం పక్క నొప్పి, మూత్రంలో నెత్తురు.
>
> • మగపిల్లల్లో సన్నటి ధార, ముక్కి ముక్కి పోయడం.
>
> • ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా కారుతుండటం.
>
> • నడుం కింద వెన్ను మీద గుంట, వెంట్రుకల కుచ్చు, వాపు. నడకలో మార్పు.
>
> • విపరీతమైన దాహం, బరువు తగ్గడంతో పాటు మాటిమాటికీ మూత్రం.
>
> • ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయకండి. ముందు మూత్రం పట్టి కల్చర్‌కు ఇచ్చాకే మందు.

మా అక్క మనవరాలికి అయిదు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లింది, ఒకసారి పొడి ఆపేసి మళ్లీ మొదలుపెట్టారు. బెల్టు స్థానంలో ఎలాస్టిక్ కుట్టించారు. తండ్రి బడికి వెళ్లి టీచరుతో మాట్లాడాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది. "ఇంత ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ, మాకు తెలియదు కదా" అంది. మా అక్క ఇప్పుడు తిట్టడం లేదు. రాత్రి భోజనం కాగానే పీట వేసి, బాత్రూం గుమ్మంలో కూర్చుని కథ చెప్తోంది. పిల్లకు ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్ రాలేదు.

ఈ జూన్‌లో మీ పిల్లలకు పుస్తకాలు, బూట్లు, బ్యాగులు కొంటారు. దాంతో పాటు మూడు పనులు చేయండి. బడి బాత్రూంను మీ కళ్లతో ఒకసారి చూడండి. సాయంత్రం సీసాలో ఎన్ని నీళ్లు మిగిలాయో చూడండి. టీచరును కలిసి "మా పాప అడిగినప్పుడు దయచేసి పంపించండి" అని చెప్పండి. టీచర్లకూ ఒక్క మనవి: చిటికెన వేలు లేచిందంటే పాఠం ఆగినా ఫరవాలేదు, పిల్లను వెళ్లనివ్వండి.